యుద్ధకాలంలో శాసనసభ: 1943 బెంగాల్ మనకు నేర్పుతున్న పాఠం

(సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టసభలలో ముస్లింల ప్రాతినిధ్యం గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరారు. ఈ విషయం వచ్చినప్పుడల్లా మనం లెక్కలతోనే మొదలుపెడతాము. సభలో మనవారెందరు, మంత్రివర్గంలో మనవారెవరు, ఏ పార్టీ ఎన్ని టిక్కెట్లు ఇచ్చింది అని చూస్తాము. ఆ లెక్క అవసరమే. అయితే ఆ లెక్క పూర్తిగా కుదిరిన చోట కూడా మన పేదలు లక్షల సంఖ్యలో ఆకలికి బలి అయిన సందర్భం ఈ దేశ చరిత్రలోనే ఉన్నది. అది రెండవ ప్రపంచయుద్ధకాలపు బెంగాల్. అక్కడి శాసనసభ ఆనాడు ఏమి చేయగలిగింది, ఏమి చేయలేకపోయింది అన్నదే నేటి మా ప్రసంగ విషయం.

ముందుగా ఆ సభ స్వరూపం చూద్దాము. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం 1937లో ఎన్నికలు జరిగాయి. బెంగాల్ శాసనసభలో మొత్తం 250 స్థానాలు. వాటిలో ముస్లిం నియోజకవర్గాలకు 117, ముస్లిం మహిళలకు మరి 2 కేటాయించారు. జనాభాలో లెక్కకు రానంత స్వల్పసంఖ్యాకులైన ఐరోపావారికి 25 స్థానాలు ఇచ్చారు. ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ లేని సభలో ఆ 25 ఓట్లు ఎటు మొగ్గితే అటే అధికారం. బెంగాల్ ప్రధానమంత్రి పదవి 1937లో కృషక్ ప్రజా పార్టీ నాయకుడు ఎ.కె. ఫజ్లుల్ హక్‌కు దక్కింది. రైతుల అప్పుల గురించీ జమీందారీ గురించీ మాట్లాడి గెలిచిన నాయకుడాయన. స్పీకర్, మంత్రులు, ప్రతిపక్ష నాయకులు – ఎటు చూసినా మనవారు కనబడే సభ అది.

అధికారం మాత్రం పూర్తిగా ఆ సభ చేతిలో లేదు. గవర్నర్‌కు ప్రత్యేక బాధ్యతల పేరుతో విశేషాధికారాలు ఉండేవి. 93వ సెక్షన్ ప్రయోగిస్తే మంత్రివర్గాన్ని, సభను పక్కనబెట్టి ఆయనే పాలించవచ్చు. 1939 సెప్టెంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఏ చట్టసభనూ అడగకుండానే భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించారు. అందుకు నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1939 అక్టోబరులో తప్పుకున్నది. తిరిగి 1946లో గాని అక్కడ ప్రజాప్రభుత్వం ఏర్పడలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేసిన రోజున, మన కోస్తా జిల్లాల ప్రజల భయాన్ని, వలసలను చర్చించడానికి సమావేశమయ్యే సభ ఏదీ లేదు. హైదరాబాద్ సంస్థానంలోనైతే ఎన్నికైన సభకు జవాబుదారీగా ఉండే ప్రభుత్వమే లేదు. బెంగాల్‌లో సభ నడుస్తూనే ఉన్నది. అందుకే దాని అనుభవం మనకు ముఖ్యం.

1942 మార్చిలో రంగూన్ జపాను వశమైంది. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. శత్రువు దిగితే తిండిగింజలు, ప్రయాణ సాధనాలు వానికి దొరకరాదని ప్రభుత్వం తీర జిల్లాలలో ఒక విధానం అమలు చేసింది. మిగులు ధాన్యాన్ని తరలించింది. పదిమంది, అంతకు మించి ఎక్కగల పడవలను స్వాధీనం చేసుకున్నది. నమోదైన 66 వేలకు పైగా పడవలలో దాదాపు 46 వేలు ఆ తీరం నుండి మాయమయ్యాయి. బెంగాల్ డెల్టాలో పడవ అంటే మన ఊళ్ళలో ఎడ్లబండి వంటిది. జాలరికి అది వేట, కుమ్మరికి సంత, రైతుకు అవతలి ఒడ్డున ఉన్న పొలం. ఇంతటి నిర్ణయం మంత్రివర్గాన్ని సంప్రదించకుండా, గవర్నర్ జాన్ హెర్బర్ట్ అధికారుల ద్వారా నేరుగా అమలు చేయించారు. తనను, తన సహచరులను పక్కనబెట్టి పాలిస్తున్నారని ఫజ్లుల్ హక్ 1942 ఆగస్టులో గవర్నర్‌కు సుదీర్ఘమైన లేఖ వ్రాశారు.

ఆ సమయంలో హక్ మంత్రివర్గంలో హిందూ మహాసభ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ కూడా ఉన్నారన్నది గమనించదగిన సంగతి. ముస్లిం లీగ్‌తో తెగతెంపులైన తరువాత 1941 డిసెంబరులో ఏర్పడిన సంకీర్ణం అది. 1942 అక్టోబరు 16న మిడ్నపూర్ తీరాన్ని పెనుతుఫాను ముంచెత్తింది. క్విట్ ఇండియా ఉద్యమానికి కేంద్రమైన ఆ జిల్లాలో సహాయం కన్నా అణచివేతే ఎక్కువగా సాగుతున్నదని నిరసిస్తూ ముఖర్జీ నవంబరులో రాజీనామా చేశారు. ఎంతో దూరాన ఉండవలసిన ఇద్దరు నాయకులు ఒకే ఫిర్యాదు చేశారు: పాలించే బాధ్యత మాది, అధికారం మాది కాదు అని.

1943 మార్చిలో బడ్జెట్ సమావేశాలు జరుగుతుండగా అసలు ఘట్టం వచ్చింది. మార్చి 28న గవర్నర్ ఫజ్లుల్ హక్‌ను పిలిపించి, ముందే సిద్ధం చేసి ఉంచిన రాజీనామా పత్రంపై సంతకం చేయించుకున్నారు. అప్పటికి సభలో ఆయన మెజారిటీ కోల్పోలేదు. బడ్జెట్ పూర్తిగా ఆమోదం పొందలేదు. కొద్ది వారాలు 93వ సెక్షన్ పాలన నడిచింది. ఏప్రిల్ 24న ముస్లిం లీగ్ నాయకుడు ఖ్వాజా నాజిముద్దీన్ మంత్రివర్గం ఏర్పడింది. హుసేన్ షహీద్ సుహ్రావర్దీ పౌరసరఫరాల మంత్రి అయ్యారు. ఒక ముస్లిం ప్రధానమంత్రి పోయి మరొక ముస్లిం ప్రధానమంత్రి వచ్చారు. సంఖ్యాబలం దృష్ట్యా మనకు నష్టమేమీ జరగలేదని ఎవరైనా అనవచ్చు. బియ్యం ధర మాత్రం వేరే మాట చెప్పింది. 1942 ఆరంభంలో కలకత్తాలో మణుగు, అంటే సుమారు 37 కిలోలు, దాదాపు 6 రూపాయలు ఉండేది. 1943 మే నాటికి అది 30 రూపాయలు దాటింది. కూలివాని కూలి అయిదింతలు కాలేదు.

కొత్త మంత్రివర్గం రాగానే ధాన్యానికి నిజమైన కొరత లేదని, దాచుకున్నవారి వల్లనే ఈ ఇబ్బంది అని ప్రచారం చేసింది. జూన్‌లో గ్రామాలలో నిల్వల సోదా మొదలుపెట్టారు. పెద్ద వ్యాపారుల గిడ్డంగులు ఉన్న కలకత్తాను, హౌరాను ఆ సోదా నుండి మినహాయించారు. రైతు ఇంటి గాదెను తెరిచి చూసిన ప్రభుత్వం నగరంలోని గోదాము తలుపు తట్టలేదు. యుద్ధానికి పనికివచ్చే కర్మాగారాలు, రైల్వేలు, రేవు, ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసేవారికి ముందుగా తిండి అందేలా ఏర్పాట్లు జరిగాయి. పల్లెలోని కూలివాడు యుద్ధానికి పనికిరాడు గనుక వరుసలో చివర నిలిచాడు.

1943 జూలైలోనూ, తిరిగి సెప్టెంబరులోనూ శాసనసభ సమావేశమైంది. బెంగాల్‌ను కరువు ప్రాంతంగా ప్రకటించమని ప్రతిపక్షంలో ఉన్న హక్, ముఖర్జీ తదితరులు పట్టుబట్టారు. కరువు అన్న మాట ఒక చట్టబద్ధమైన మాట. 19వ శతాబ్దపు కరువుల తరువాత వచ్చిన కరువు నిబంధనావళి ప్రకారం ఆ ప్రకటన వెలువడితే, పనిచేయగలవానికి పని, చేయలేనివానికి నిర్ణీత పరిమాణంలో తిండి ఇవ్వడం ప్రభుత్వ విధి అవుతుంది. ఆ ప్రకటన చివరిదాకా వెలువడలేదు. నిబంధనావళి చెప్పినంత తిండి ఇవ్వడానికి తమ వద్ద ధాన్యం లేదన్నది ప్రభుత్వ సమాధానం. దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయాలలో ఫైళ్ళు నడిపిన మా వంటి గుమాస్తాలకు ఇందులోని గుట్టు సులభంగానే అర్థమవుతుంది. కాగితం మీద ఒక పేరు పడితే హక్కు పుడుతుంది. ఆ పేరు పడకపోతే అంతా దయ మీద నడుస్తుంది. బెంగాల్ పేదవానికి హక్కుగా రావలసిన అన్నం, గంజి కేంద్రం ముందు చాచిన చేతిలో పడే దానమైంది.

సభ ఎందుకు విఫలమైంది? అధికారం గవర్నర్ వద్దనే ఉండడం మొదటి కారణం. లండన్‌లోని యుద్ధ మంత్రివర్గం ధాన్యపు ఓడలను తగినన్ని పంపకపోవడం రెండవది. ఈ రెండూ సభ చేతిలో లేనివి. మూడవ కారణం సభ్యుల చేతిలోనే ఉన్నది. ధాన్యం కొనే ఏజెన్సీ ఎవరి మనిషికి దక్కిందన్న తగాదా, ధాన్యం ఏ ఊరికి చేరిందన్న ప్రశ్నను మింగివేసింది. ఎవరి హయాంలో కరువు పుట్టిందని ఇరుపక్షాలూ వాదించుకుంటూ కూర్చున్నాయి. మన మంత్రిని ప్రశ్నిస్తే శత్రువుకు బలమిచ్చినట్లవుతుందని భావించినవారు మౌనంగా ఓటు వేశారు. బయట పత్రికలపై యుద్ధకాలపు ఆంక్షలు ఉండేవి. 1943 ఆగస్టులో స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ కలకత్తా వీధుల్లోని శవాల ఛాయాచిత్రాలు ప్రచురించిన తరువాతనే లోకానికి కళ్ళు తెరుచుకున్నాయి. కొత్త వైస్రాయ్ వేవెల్ అక్టోబరు చివర కలకత్తా వచ్చి, సహాయపు పనికి సైన్యాన్ని దించారు.

వుడ్‌హెడ్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం మృతులను సుమారు 15 లక్షలుగా లెక్కగట్టింది. తరువాతి పరిశోధకులలో అనేకులు 30 లక్షల వరకు చెబుతారు. చనిపోయినవారిలో భూమిలేని కూలీలు, జాలరులు, పడవ నడిపేవారు, చేతివృత్తులవారే అత్యధికులు. తూర్పు బెంగాల్ జిల్లాలలో వీరిలో ముస్లింలే ఎక్కువ. మిడ్నపూర్‌లో హిందువులు ఎక్కువ. ఆకలి నియోజకవర్గం చూడలేదు.

ఇదే సభ 1945 మార్చి 28న వ్యవసాయ పద్దుపై ఓటింగులో నాజిముద్దీన్ ప్రభుత్వాన్ని 106–97 ఓట్లతో ఓడించింది. మరునాడు స్పీకర్ సయ్యద్ నౌషేర్ అలీ, పద్దు ఓడిపోయిన మంత్రివర్గం కొనసాగజాలదని రూలింగ్ ఇచ్చి సభను నిరవధికంగా వాయిదా వేశారు. ముస్లిం మంత్రివర్గాన్ని ముస్లిం స్పీకర్ నిలదీసిన ఈ సందర్భాన్ని కొందరు ఆనాడు ద్రోహమన్నారు. మా దృష్టిలో అది సభాధర్మం. యుద్ధం ముగియకముందే ఆ సభ ఒక ప్రభుత్వాన్ని దించగలిగింది. అంటే దానికి ఆ శక్తి ఉన్నది. లక్షలమంది మట్టిలో కలిసిన తరువాత ఆ శక్తిని వాడడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

యుద్ధ సమయంలో పాలకులను ప్రశ్నించరాదన్న వాదన నేటికీ వినబడుతుంది. మనవంటివారు ప్రశ్నిస్తే ఆ వాదన మరింత గట్టిగా వినబడుతుంది. 1962లో చైనాతో యుద్ధం సాగుతుండగానే నెహ్రూ ప్రభుత్వం నవంబరు 8న పార్లమెంటును సమావేశపరచింది. సభ్యులు ప్రభుత్వ వైఫల్యాన్ని ఎండగట్టారు. రక్షణమంత్రిగా ఉన్న కృష్ణ మీనన్ అప్పటికే పదవి వదులుకోవలసి వచ్చింది. దేశం దానివల్ల బలహీనపడలేదు. అదే సమయంలో చైనా సంతతికి చెందిన సుమారు 3 వేలమంది భారతవాసులను విచారణ లేకుండా రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారన్నది కూడా మరువరాదు. వారి తరఫున అడగడానికి సభలో వారికి మనిషి లేడు. సభ మాట్లాడిన విషయంలో జవాబుదారీతనం వచ్చింది. సభ మౌనం వహించిన విషయంలో అన్యాయం సాగింది.

మన సంప్రదాయంలో ఈ భావన కొత్తది కాదు. హిజ్రీ 18లో మదీనాను రమాదా కరువు పీడించింది. అప్పుడు సరిహద్దులలో సైన్యాలు పోరాడుతూనే ఉన్నాయి. ఖలీఫా ఉమర్ (రజి) యుద్ధాన్ని సాకుగా చూపలేదు. ఇతర ప్రాంతాల నుండి ధాన్యం తెప్పించారు. ప్రజల కష్టం తీరేవరకు తాను నెయ్యి ముట్టనని నియమం పెట్టుకున్నారు. పాలకుడు తన ప్రజల గురించి జవాబు చెప్పుకోవలసినవాడన్న స్పృహ అది. పాలకునికి ఆ స్పృహ లేనిచోట దానిని గుర్తుచేయడానికే సభ ఉన్నది.

అందుచేత మిత్రులారా, మన ప్రాతినిధ్యం కోసం పోరాడుదాము. దానితోపాటు ఎన్నికైన మనిషిని, ఆయన మనవాడైనా కాకున్నా, అడగడం నేర్చుకుందాము. మైనారిటీ సంక్షేమానికి బడ్జెట్‌లో ఎంత చూపారన్నది ఒక ప్రశ్న. ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది అన్నది అసలు ప్రశ్న. రేషన్ కార్డు, పింఛను, ఉపకారవేతనం అందని కుటుంబాల వివరాలను మొహల్లావారీగా, ఊరివారీగా వ్రాసి పెట్టుకుందాము. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు చేసి వచ్చిన జవాబును శాసనసభ్యునికి అందజేసి, సభలో ప్రశ్నగా వేయమని కోరుదాము. అడిగారా లేదా అని సమావేశాలు ముగిశాక తిరిగి వెళ్ళి విచారిద్దాము. ఆ జాబితాలో మన పక్కింటి హిందూ కూలి కుటుంబం పేరు కూడా ఉండాలి. ఆకలి లెక్కలో మనవారు, పరాయివారు అన్న విభజన పెట్టినచోటే బెంగాల్ ఓడిపోయింది.

బెంగాల్ సభలో మనవారు లేరని ఎవరూ అనలేరు. బరిసాల్ పడవవాని గురించి, నోవాఖాలీ కూలివాని గురించి గొంతు నిలబెట్టి, పార్టీని పక్కనబెట్టి, సకాలంలో అడిగినవారు చాలినంతమంది లేరు. మన సభలలో అటువంటివారు ఉండేలా చూడడం మన పని. అల్లాహ్ మనకు న్యాయం పలికే నాలుకను, దానిని సకాలంలో కదిలించే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.