టీకా లెక్కల్లో మనం ఎక్కడున్నాం?



కంప్యూటర్ సాయంతో ఒక్కో జనసమూహానికి సరిపోయే టీకాను రూపొందించవచ్చంటున్నారు. ఇది శాస్త్రవేత్తల గొడవ, మనకెందుకని కొందరు అడిగారు. నేను సమాజశాస్త్రం చదివినదాన్ని. అయినా ఈ లెక్కల్లోకి ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదన్నది మన ప్రశ్నేనని నా అభిప్రాయం.

ముందు విషయం చెబుతాను. వైరస్ మన కణంలో చేరాక దాని ప్రోటీన్లు చిన్న చిన్న ముక్కలవుతాయి. ఆ ముక్కల్ని కణం పైకి తెచ్చి రోగనిరోధక కణాలకు చూపించేవి హెచ్‌ఎల్‌ఏ అనే అణువులు. వీటిలో వేల రకాలున్నాయి. మీ కణం చూపించే ముక్కను నా కణం చూపించకపోవచ్చు. ఏ రకం ఏ ముక్కను పట్టుకుంటుందో ప్రోగ్రాములు అంచనా వేస్తాయి. ఏ జనంలో ఏ రకం ఎంతమందికి ఉందో దానికి కలిపితే, ఫలానా ముక్కలతో చేసిన టీకాకు వాళ్లలో ఎంత శాతం స్పందించవచ్చో ఒక అంకె వస్తుంది. అది అంచనా మాత్రమే. ప్రయోగశాల, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షలు తప్పవు.

చిక్కంతా ఆ అంకెతోనే. ఈ ప్రోగ్రాములు నేర్చుకున్న సమాచారంలో యూరప్ సంతతి వాటా ఎక్కువ. మన దగ్గరేమో తరతరాలుగా కులంలోనే, తెగలోనే పెళ్లిళ్లు. దాంతో పక్కపక్కనే బతికే సమూహాల మధ్య కూడా జన్యువుల్లో తేడాలుంటాయి. (ఆడపిల్ల ఎవర్ని చేసుకోవాలో కులం పెట్టిన కట్టడి కంప్యూటర్ దాకా వచ్చింది చూడండి!) 'భారతీయులు' అని ఒక సగటు వేస్తే అందులో కోయ స్త్రీ కనిపించదు. 2025లో విడుదలైన జీనోమ్ ఇండియా సమాచారంలో ఉన్నవి 83 సమూహాలు. మంచి మొదలే, కానీ మొదలే. ఇక స్త్రీల శరీరం టీకాలకు చాలాసార్లు ఎక్కువ యాంటీబాడీలు తయారుచేస్తుంది. పై లెక్కలో ఆడా మగా తేడాకు చోటే లేదు.

అయితే ఆదివాసుల రక్తం కూడా సేకరిస్తే సరిపోతుంది కదా అంటారు. ఎలా సేకరిస్తారు? 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనం మీకు తెలుసు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. పిల్లల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. నేను ఆ టీకాకు వ్యతిరేకిని కాను, అది మన స్త్రీలకు అవసరమే. కానీ తల్లి చెప్పాల్సిన మాట వార్డెన్ చెప్పడమేమిటి?

రక్తం ఇవ్వడం సూదిమందు వేయించుకోవడం లాంటిది కాదు. ఆ సమాచారం ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది, అక్కచెల్లెళ్ల గురించీ చెబుతుంది. అమెరికాలో హవాసుపాయి ఆదివాసులు మధుమేహ పరిశోధనకని ఇచ్చిన రక్తాన్ని ఇతర పరిశోధనలకు వాడుకున్నారు. వాళ్లు కోర్టుకెక్కాక, 2010లో అరిజోనా విశ్వవిద్యాలయాల పాలకమండలి పరిహారమిచ్చి మిగిలిన రక్తాన్ని తిరిగి అప్పగించింది.

మీ ప్రాంతంలో నమూనాల కోసం ఎవరైనా వస్తే అంగీకార పత్రం ప్రతి ఒకటి అడిగి తీసుకోండి. అది ఏ భాషలో ఉంది, కోయలోనో గోండీలోనో ఎవరైనా చదివి వినిపించారా, నమూనా ఎక్కడ ఉంచుతారు, సంతకం ఎవరు పెట్టారు – ఇవి రాసి మాకు పంపండి.