‘హాడ్’తో మొదలైన ఉత్తరం
(పింఛనుదార్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. పింఛను దయాధర్మం కాదన్న ఆ మాట మనందరికీ కంఠతా వచ్చినదే. బీపీ, షుగర్ల సంగతి డాక్టరుగారు చూసుకున్నారు. కార్యదర్శిగారు నన్ను ‘ఏదైనా ఉపయోగపడేది’ మాట్లాడమన్నారు. నాకు తెలిసిందల్లా ముప్పై మూడేళ్లు డ్రాఫ్టులు రాయడం. కాబట్టి ఇంగ్లీషులో ‘ఇలా చేస్తే అలా అవుతుంది’ అని ఎలా చెబుతారో మాట్లాడతాను. నవ్వకండి. దీని మూలంగా ఒక తల్లికి మూడు నెలలు పోయాయి.

ఆమె భర్త నా పక్క సీట్లో పదేళ్లు పనిచేసిన మనిషి. పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి కాలం చేశాడు. బిల్లులు బీరువాలో ఉండిపోయాయి. ఆ దుఃఖంలో గడువు సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆలస్యంగా క్లెయిము పంపారు. కొన్నాళ్లకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. డిగ్రీ చదివే మనవడు చదివి, "మామ్మా, శాంక్షనయింది" అన్నాడు. ఆమె ఆ ధైర్యంతో పదిహేను వేలు చేబదులు తెచ్చి, కారుతున్న గదికి కప్పు వేయించుకున్నారు. డబ్బు రాలేదు. మూడు నెలలు చూసి నా దగ్గరికొచ్చారు. "అన్నయ్యగారూ, ఒక రిమైండరు రాసిపెట్టండి" అన్నారు.

ఉత్తరం తీసి చూశాను. మొదటి పేరా ఇది: "హాడ్ ద క్లెయిమ్ బీన్ ప్రిఫర్డ్ వితిన్ ద స్టిపులేటెడ్ పీరియడ్, ఇట్ వుడ్ హావ్ బీన్ కన్సిడర్డ్ ఫర్ శాంక్షన్."

కుర్రవాడి తప్పు పెద్దదేమీ కాదు. ‘హాడ్’ అంటే జరిగిపోయినదని బళ్లో చెప్పారు. ‘ప్రిఫర్’ అంటే ఇష్టపడటమని వాడికి తెలుసు. క్లెయిము దాఖలు చేయడాన్ని ప్రిఫర్ చేయడం అంటారని మనలాంటి ఫైళ్ల మనుషులకు తప్ప ఎవరికి తెలుసు? ఆఫీసువారు మన క్లెయిమును ఇష్టపడ్డారు, శాంక్షనుకు తీసుకున్నారు, అని చదువుకున్నాడు. అసలు అర్థం సరిగ్గా తలకిందులు. ‘గడువులోగా దాఖలు చేసి ఉంటే పరిశీలించి ఉండేవాళ్లం.’ అంటే చేయలేదు, కాబట్టి పరిశీలించలేదు. ఆ వాక్యంలో ‘లేదు’ అన్న మాట ఒక్కటీ లేదు. అయినా అది లేదనే చెబుతోంది.

ఇంగ్లీషువాడికి ఈ పనికి మూడు మెట్లున్నాయి. "ఇఫ్ యు అప్లై, యు విల్ గెట్ ఇట్" అన్నాడంటే దారి తెరిచి ఉంది, దరఖాస్తు పెట్టండి. "ఇఫ్ యు అప్లైడ్, యు వుడ్ గెట్ ఇట్" అన్నాడంటే, క్రియ భూతకాలంలో ఉన్నా మాట్లాడేది రేపటి సంగతే. మీరు పెడతారని అతనికి అంతగా నమ్మకం లేదు, ఊరికే ఊహించి చెబుతున్నాడు. "ఇఫ్ యు హాడ్ అప్లైడ్, యు వుడ్ హావ్ గాట్ ఇట్" అన్నాడంటే బండి వెళ్లిపోయింది. కాలాన్ని ఒక్కో మెట్టు వెనక్కి జరుపుతూ, విషయాన్ని నిజానికి దూరం చేస్తూపోతాడు. "ఇఫ్ ఐ వర్ యు" అనడంలో ‘వర్’ కూడా ఆ దూరం కోసమే. నేను నువ్వు కాను గదా!

మన తెలుగులో ఇది లేదనుకోకండి. దరఖాస్తు పెడితే వస్తుంది. పెట్టి ఉంటే వచ్చేది. ‘వస్తుంది’, ‘వచ్చేది’ అన్న రెండు ముక్కల్లో మొత్తం తేలిపోతుంది. ఏ చదువూ లేని మనిషి కూడా ‘వచ్చేది’ అనగానే రాలేదని గ్రహిస్తాడు. వ్యాకరణంలో ‘చేస్తే’, ‘వస్తే’ లాంటి వాటిని చేదర్థకాలంటారని మన పంతుళ్లు చెప్పారు. సంస్కృతంలోనైతే జరగకుండా పోయిన పనికి లృఙ్ లకారమని ప్రత్యేకంగా ఒక రూపమే ఉంది. చిక్కంతా నడిమెట్టు దగ్గరే. ఇంగ్లీషువాడి ‘అప్లైడ్, వుడ్ గెట్’కి మనకు వేరే గది లేదు. ‘ఒకవేళ పెట్టారే అనుకోండి’ అని నాలుగు మాటలు కలిపి సర్దుకుంటాం.

అందుకే కాబోలు, మనవాళ్లకు ‘వుడ్’ అంటే ‘విల్’కి మర్యాద రూపమన్న భ్రమ. నేనూ అందులో ఒకణ్ణి. మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఒకసారి వెళ్లే ముందు వాళ్ల ఇంటి యజమానికి మర్యాదగా ఉంటుందని, "వుయ్ వుడ్ రీచ్ ఆన్ ద టెన్త్" అని రాశాను. ఆయన మా అమ్మాయిని పిలిచి, "పాపం, మీ నాన్నగారికి రావడానికి అడ్డమేమిటి?" అని అడిగాడట. ‘వుడ్’ అనేసరికి వెనకాల ఒక ‘ఇఫ్’ ఉండాలని ఆయన చెవి వెతుక్కుంది.

‘ఇఫ్’ తర్వాత ‘విల్’ పెట్టకూడదని రెన్ అండ్ మార్టిన్ చదివినవారందరికీ తెలుసు. "ఇఫ్ ఇట్ రెయిన్స్" గాని "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" కాదు. కాని "ఇఫ్ యు విల్ కైండ్లీ సైన్ హియర్" అంటే తప్పు కాదు, అక్కడ ‘విల్’ అంటే దయచేసి ఒప్పుకోవడం. ఇక ‘ఫెయిలింగ్ విచ్’ గురించి ఈ సభలో చెప్పనక్కరలేదు. ఆ రెండు మాటలున్న మెమో అందుకోనివారు ఇక్కడుంటే చెయ్యెత్తండి, సన్మానం చేద్దాం.

మళ్లీ ఆ ఉత్తరానికి వస్తాను. ‘ఇఫ్’ ఉంటే కుర్రవాడు కనీసం ఆగి ఆలోచించేవాడు. అది తీసేసి ‘హాడ్’ను ముందుకు లాగారు. ఆ ఎత్తుగడ ఎవరిదో నాకు తెలుసు. మా సెక్షన్‌లో నేనే నేర్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సూపరింటెండెంటుగారి డ్రాఫ్టులో ఆ వాక్యం చూసి ముచ్చటపడ్డాను. ‘ఇఫ్’తో మొదలెడితే గుమాస్తా రాసినట్టుంటుంది, ‘హాడ్’తో మొదలెడితే దొర రాసినట్టుంటుంది అనుకునేవాణ్ణి. కింది వాళ్ల డ్రాఫ్టుల్లో ‘ఇఫ్’ కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి. అలాంటి ఉత్తరాలు ఎన్నింటి మీద సంతకాలు పెట్టించానో లెక్క లేదు. వాటిని అవతల ఎవరు విప్పారు, ఎవరు చదివిపెట్టారు అని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ తల్లి నా ఎదుట కూర్చుని ఆ కాగితం చేతికిచ్చినప్పుడు మొదటిసారి ఆలోచించాను.

అసలు సంగతి ఇంకా ఉంది. కింద రెండో పేరా ఉంది: "ఇఫ్ ద రీజన్స్ ఫర్ ద డిలే ఆర్ ఫర్నిష్డ్ విత్ డాక్యుమెంటరీ ఎవిడెన్స్, ద రిక్వెస్ట్ ఫర్ కండోనేషన్ విల్ బి ఎగ్జామిన్డ్." ఆలస్యానికి కారణాలు రుజువులతో పంపితే, గడువు మినహాయింపు సంగతి చూస్తాం. ‘ఆర్’, ‘విల్’. మొదటి మెట్టు. తలుపు తీసే ఉంది! మొదటి పేరాలోనే డబ్బు వచ్చేసిందనుకున్నవాళ్లు రెండో పేరా ఎందుకు చదువుతారు? మూసిన తలుపు తెరిచి ఉందనుకున్నారు, తెరిచిన తలుపు చూడనేలేదు.

ఆమెకు రెండూ తెలుగులో చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పైది అయిపోయిన మాట, కిందిది అయ్యే మాట. అంతేనా అన్నయ్యగారూ?" అన్నారు.

"అంతేనమ్మా. అయితే కిందిది కూడా ‘చూస్తాం’ అన్నారు గాని, ‘ఇస్తాం’ అనలేదు" అన్నాను. అది చెప్పకపోతే నేనూ ఆ మనవడిలాగే చదివినట్టవుతుంది.

"చూడనీయండి" అన్నారామె.

మరణ ధ్రువీకరణ పత్రం, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఆ నెలల్లో ఆమె కూడా మంచం పట్టినట్టు డాక్టరిచ్చిన సర్టిఫికెట్టు జతచేసి దరఖాస్తు రాశాను. చిన్న చిన్న వాక్యాలు. ఎక్కడా ‘హాడ్’తో మొదలుపెట్టలేదు. కార్బన్ కాపీల కాలం పోయింది గనుక జెరాక్సు తీయించి, పోస్టులో పంపాం. మనవడే పోస్టాఫీసుకు వెళ్లాడు. వాడికి పాపం ముఖం చెల్లలేదు. తప్పంతా నీది కాదురా అని చెప్పాను.

పంపి ఆరు వారాలైంది. జవాబు ఇంకా రాలేదు. వచ్చాక కవరు విప్పకుండా నా దగ్గరికే తెస్తామన్నారు. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు మన సంఘం గదిలోనే ఉంటాను. మీ ఇళ్లలోనూ ఇటువంటి ఉత్తరాలుంటే తీసుకురండి. రెండో పేరా ఉంటే అది కూడా చదివి చెబుతాను. సెలవు.