ఉప్పునీటి తొట్టెలో సాధు చేపలు

ఇంట్లో సముద్రపు చేపల అక్వేరియం పెట్టాలనుకునేవారు రంగుల కన్నా ముందు చేపల స్వభావం చూడాలి.

నీలిరంగు డామ్సెల్ చేపలు చవకగా దొరుకుతాయి, త్వరగా చావవు. కానీ పెరిగేకొద్దీ తోటి చేపలను తరిమి కొరుకుతాయి. వాటికి బదులు ఆసెల్లారిస్ క్లౌన్ చేపల జతను తెచ్చుకోండి. చిన్నవయసువి రెండు కలిపి ఉంచితే, బలమైనది ఆడదిగా మారుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. బంగ్గాయి కార్డినల్ నెమ్మదైన చేప. ఇందులో మగచేపే గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ఫైర్‌ఫిష్ మరీ పిరికిది. బెదిరితే నీళ్లలోంచి ఎగిరి బయటపడుతుంది కాబట్టి తొట్టెకు వల మూత తప్పనిసరి. ఈ మూడూ సాధారణంగా 10 సెంటీమీటర్లకు మించవు.

కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టెలో ఉంచి, జబ్బు లేదని తేలాకే కలపండి. పిరికివాటిని ముందు, దురుసువాటిని చివర వదలండి.

బంగ్గాయి కార్డినల్ పుట్టిల్లు ఇండోనేషియాలోని బంగ్గాయి దీవులు. విపరీతంగా పట్టడం వల్ల అది అక్కడ అంతరించే ప్రమాదంలో పడింది. క్లౌన్, కార్డినల్ చేపలు రెండూ హేచరీల్లో పుడుతున్నాయి. కొనేటప్పుడు హేచరీ చేపలనే అడిగి తీసుకోండి.