సంతకం మనది, రాత ఎవరిది?

(రొద్దంలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



పన్నుల గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. "ఆ లెక్కలు మగవాళ్ళు చూసుకుంటారులే" అన్నారు. నేనూ అలాగే అనుకున్నదాన్ని. ఉద్యోగం నాది, జీతం నాది. ఫారం 16 మాత్రం ఏటా మా ఆయన హిందూపురం తీసుకెళ్ళి ఒక మనిషి చేతిలో పెట్టేవాడు. పాస్‌వర్డు ఆ మనిషి దగ్గరే. రిఫండు వస్తే అందులో పదో వంతు అతనికి.

2025 మొదట్లో లెక్క సరిచూసుకోమని పన్ను శాఖ నుంచి సందేశం వచ్చింది. చూస్తే, లేని ఇంటి మీద అప్పు, కట్టని వడ్డీ రాసి ఉన్నాయి. అడిగితే "ఓటీపీ చెప్పింది మీరే కదమ్మా" అన్నాడు. రిఫండును వడ్డీతో, అదనపు పన్నుతో తిరిగి కట్టాను. అతని కమీషను మాత్రం తిరిగి రాలేదు.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశంలో 150 చోట్ల సోదాలు చేసింది. కమీషనుకు దొంగ మినహాయింపులు రాసే ముఠాలు బయటపడ్డాయి. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది రిటర్నులు సవరించి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వదులుకున్నారని శాఖే చెప్పింది.

నా రిటర్ను వేసింది 1961 చట్టం కింద. ఆదాయం తప్పుగా చూపినవారికి ఆ చట్టం పన్నుకు రెండింతల జరిమానా పెట్టింది. తప్పుడు రిటర్నుకు తోడ్పడినవాడికీ 278 సెక్షను కింద మూడు నెలల నుంచి రెండేళ్ళ జైలు, పన్ను 25 లక్షలు దాటితే ఏడేళ్ళ దాకా. కానీ రాసింది అతనేనని రుజువేదీ? పేరు లేదు, రసీదు లేదు.

2006లో కేంద్రం టాక్స్ రిటర్న్ ప్రిపేరర్ల పథకం తెచ్చింది. శిక్షణ పొందినవాళ్ళు రిటర్ను మీద తామూ సంతకం చేయాలి, కాపీ ఇవ్వాలి. తప్పు చేస్తే సర్టిఫికెట్ పోతుంది. అయితే ఈ నియమాలు ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే. ఊరికే బోర్డు పెట్టుకున్నవాడికి అంటవు. అమెరికాలో డబ్బు తీసుకుని రిటర్ను రాసే ప్రతివారూ సంతకం, గుర్తింపు సంఖ్య వేయాలి. లేకుంటే జరిమానా. మనమూ ఇదే అడగాలి.

అంతదాకా మన జాగ్రత్త మనది. పాస్‌వర్డు మన దగ్గరే ఉండాలి. కాపీ, రసీదు తీసుకోవాలి. రిఫండులో వాటా అడిగేవాడి గడప తొక్కకూడదు.

చదవకుండా వేలిముద్ర వేయకూడదని ఒకప్పుడు సంఘాల్లో నేర్చుకున్నాం. చదవకుండా ఓటీపీ చెప్పకూడదని ఇప్పుడు నేర్చుకుందాం.