యూదుల చేదు ఆకు, మన వేపపువ్వు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఉగాదినాడు యూదుల ప్రస్తావన ఎందుకని మీరు అడుగవచ్చును. వారికి పస్కా అని ఒక పండుగ కలదు. తమ పూర్వులు ఐగుప్తులో బానిసలై ఉండి విడుదల పొందిన కథను ఆ రాత్రి ఇంటింటా చెప్పుకుంటారు. పులియని రొట్టెతోపాటు చేదు ఆకు తింటారు. ఆనాటి బ్రతుకు ఎంత చేదో నాలుకకు తెలియాలి గదా! కథకు ముందు ఇంట్లోకెల్ల చిన్నవాడు, ఈ రాత్రి ఈ వింతలన్నీ ఎందుకని అడగాలి. అడిగిన తరువాతే పెద్దలు చెబుతారు. మన ఇండ్లలో పిల్లవాడు వేపపువ్వు ఎందుకని అడిగితే, నోరు మూసుకుని తినమంటాము. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొనే తెలుగు కుటుంబాలు కూడా ఈ పండుగ చేస్తాయి.

యెరూషలేములోని యూదుల దేవాలయాన్ని క్రీ.శ. 70లో రోమనులు కూలద్రోశారు. బలులు అర్పించే చోటు అదొక్కటే. అది పోగా వారికి మిగిలినవి గ్రంథము, ప్రార్థన, ఇంటి భోజనపు బల్ల. బాబిలోను చెరతో ఏనాడో మొదలైన వలస అటుపై ఇంకా పెరిగింది. పోయిన చోటికెల్ల ఆ మూడింటినీ మోసుకుపోయారు.

మన కొండలకు ఆవల ఉన్న కేరళకూ వచ్చారు. సుమారు క్రీ.శ. 1000లో భాస్కర రవివర్మ అనే చేరరాజు, యోసేపు రబ్బాన్ అనే యూదునికి పల్లకి, గొడుగు మొదలైన 72 మర్యాదలు రాగిరేకులపై వ్రాయించి ఇచ్చాడు. కొచ్చి మట్టంచేరిలో 1568లో కట్టిన ప్రార్థనామందిరానికి నేటికీ ‘పరదేశి’ అనే పేరు. ఆ మాట బరువు మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

వారి ప్రార్థన హీబ్రూలో. ఆడవారి పెండ్లిపాటలు మాత్రం మలయాళంలో, నోటుబుక్కులలో వ్రాసుకున్నవి. 1948లో ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడ్డ తరువాత, 1950ల దశకంలో కొచ్చి యూదులలో చాలామంది అక్కడికి తరలిపోయారు. నోటుబుక్కులూ వెళ్ళాయి. హీబ్రూ బడులలో చదివిన మనుమలకు ఆ అక్షరాలు రాలేదు. 2005లో పండితులు ఆ పాటలు కొన్నింటిని హీబ్రూ అనువాదంతో అచ్చువేయించారు.

మా అవ్వ పాడిన మంగళహారతులను నేను చిన్ననాడు తమిళ లిపిలో వ్రాసుకున్నాను. బోడి బడిలో మనకు నేర్పిన లిపి అదే. తెలుగు అక్షరాలు తరువాత, రైల్వే ఉద్యోగంమీద గూడూరు వైపు తిరిగినప్పుడు, స్టేషను బోర్డులు చూసి పట్టుకున్నాను. తమిళంలో ‘క’కూ ‘గ’కూ అక్షరం ఒకటే. మొన్న మా అమ్మాయి ఆ నోటుబుక్కు తెరచి, ఒక పాటలో ఆగి, “నాయనా, ఇది కాలియా, గాలియా?” అని అడిగింది.

అవ్వ పోయి పదేండ్లయినది. నాకూ తెలియలేదు.