పత్తికట్టె బాయిలరుకు, వరిగడ్డి పశువుకు
(సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంటకట్టెలు, గడ్డి కొనేందుకు లారీలు వస్తే ఏంచేయాలని కొన్ని సంఘాలవారు మమ్మల్ని అడిగారు. బొగ్గు విద్యుత్ కేంద్రాలు బొగ్గులో నూటికి 5 పాళ్ళు పంట వ్యర్థాల గుళికలు కలిపి కాల్చాలని కేంద్రం 2021లో విధానం తెచ్చింది. దాద్రిలో ఎన్.టి.పి.సి. 2017లోనే దీన్ని కాల్చి చూసింది.

పచ్చికట్టె బొగ్గుమరలో సరిగా నలగదు, తేమ పీలుస్తుంది. అందుకని గాలి ఆడని పాత్రలో 200 నుంచి 300 డిగ్రీల వేడిలో వేయిస్తారు. తూకంలో దాదాపు మూడోవంతు పోతుంది, వేడినిచ్చే శక్తిలో పదోవంతే పోతుంది. వేయించిన శనగలా పెళుసై బొగ్గుతోపాటు పొడి అవుతుంది. వారణాసిలో నగర చెత్తను కూడా ఇలా బొగ్గుగా మారుస్తున్నారు.

చెత్త అంటే ప్లాస్టిక్కూ వస్తుంది. మన పాల ప్యాకెట్టు పాలిథిను. కిలోకు మన దేశపు బొగ్గుకంటే రెట్టింపు పైగా వేడినిస్తుంది. కాని పి.వి.సి. గొట్టాల ముక్కలు కలిస్తే అందులోని క్లోరిను ఆమ్లమై బాయిలరును తింటుంది. మంట చాలకపోతే డయాక్సిన్లు పుడతాయి. అవి గడ్డిమీద పడి, పశువు మేస్తే పాలవెన్నలో చేరతాయి. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ దగ్గర చెత్త కాల్చే కర్మాగారం పరిసరాల పాలలో ఇవి 1989లో బయటపడి, ఆ పాల అమ్మకం ఆపవలసి వచ్చింది. పొగ వడగట్టే పరికరాలు, సరైన వేడి ఉన్న చోట ప్లాస్టిక్ కాల్చడం వేరు, కొట్టం పక్కన పెంటమీద అంటించడం వేరు. రెండోది మన ఊళ్ళలో రోజూ జరుగుతున్నది, దాన్ని ముందు మాన్పించాలి.

ఇక అమ్మకం సంగతి. పత్తికట్టె, కందికట్టె పశువు తినదు. పొలంలో తగలబెట్టేకంటే అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయి. వరిగడ్డి అలా కాదు. అందులో పొటాషియం, సిలికా ఎక్కువ, బాయిలరు గొట్టాలకు చిట్టెం పడుతుంది. వాళ్ళకూ అదంత మేలురకం కాదు. మనకో, వేసవిలో అదే ఆధారం. కోతల్లో వచ్చిన ధరకు ఆశపడి అమ్మి, చైత్రంలో రెట్టింపు పెట్టి కొనుక్కుంటే పాలడబ్బు గడ్డికే సరి!

కాబట్టి ప్రతి సంఘం కోతలకు ముందే పశువుల లెక్క తీసి, వేసవి మేతకు ఎన్ని వాములు కావాలో తేల్చుకోవాలని మా సూచన. మిగిలిందే లారీకెక్కాలి. కట్టెలు ఒక్కొక్కరుగా కాక సంఘం తరఫున తూకం వేసి అమ్మండి. తేమ పేరుతో తరుగు ఎంత తీస్తారో ముందే కాగితంమీద రాయించుకోండి.