గేట్లకు గోదారి పంచాంగం



మృగశిర దాటి కొత్తనీరు దిగిందంటే చేప ఎదురెక్కుతుంది. వానాకాలం గోదావరి మీది పోచంపాడు డ్యాం కింద నిలబడి చూడండి. గేటు ఎత్తినచోట నురగలోంచి చేప ఎగురుతుంది, గోడకు కొట్టుకుని జారుతుంది, మళ్ళీ ఎగురుతుంది. పొట్టనిండా గుడ్లు. ఒడ్డున వలలతో జనం. పైకి పోయి గుడ్లు పెట్టాల్సిన తల్లి అక్కడే గంపలోకి చేరుతుంది.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టును కూల్చమని నేననను. కాకతీయ కాలువ మన మానేరు డ్యాంను నింపింది, మన పొలాలను తడిపింది. కానీ దాని విద్యుత్ కేంద్రం సంగతి చూడండి. నాలుగు టర్బైన్లు, 36 మెగావాట్లు. వాటిని తిప్పిన నీరు కాలువకు పోతుంది. నదికి చేరాలంటే ఎస్కేప్ గేట్లు ఎత్తాలి, అవి ఎత్తేది వరదొచ్చినప్పుడే. ఎండాకాలం దిగువ గోదావరి మడుగులు మడుగులుగా తెగిపోతుంది. ఇక సర్కారు ఉచితంగా పోసే చేపపిల్లలు చేపలు పట్టి బతికే గంగపుత్రులకూ ముదిరాజులకూ ఆసరాయే, కాదనను. నది తానే కనే పిల్లలకు మాత్రం అవి బదులు కావు.

గేట్లకు తేదీలు పెట్టడం మనకు కొత్తేమీ కాదు. ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉంచాలని, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అది రెండు రాష్ట్రాల నీటి తగాదాకు చెప్పిన తీర్పు. అయినా చేప ఎదురెక్కే కాలం చాలామటుకు ఆ నాలుగు నెలల్లోనే! మనుషుల వాటా కోసం రాసుకున్న తేదీలు నది కోసం ఎందుకు రాసుకోలేం? అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు జలవిద్యుత్ డ్యాములను 2024 నాటికి తీసేస్తే, ఆ ఏడే సాల్మన్ చేపలు పైకి చేరాయి. మనం డ్యాం తీయనక్కర్లేదు. తొలకరి నుంచే టర్బైన్ నీటిలో కొంత నదికి మళ్ళిద్దాం. గుడ్ల కాలంలో గేట్ల కింద వల వేయకుండా చూద్దాం, ఆ రోజుల్లో జాలరి ఇంటికి భృతి ఇద్దాం. ఇక కట్టే బ్యారేజీల్లో చేపలు ఎక్కే మెట్లను నక్షాలోనే గీద్దాం.

పట్టభద్రులారా, మీలో ఇంజినీర్లున్నారు, జంతుశాస్త్రం చదివినవాళ్ళున్నారు. వచ్చే జులైలో ఒక గంగపుత్ర పెద్దాయన పక్కన కూర్చోండి. ఏ రోజు ఏ చేప వచ్చిందో ఆయన చెప్తారు, మీరు రాయండి. పక్క గడిలో ఆనాటి గేట్ల లెక్క రాయండి. ఆ పుస్తకం పట్టుకుని ప్రాజెక్టు ఆఫీసుకు నేనూ మీ వెంట వస్తాను.